అసలు ఏది, కొసరు ఏది: మన లైబ్రరీ కోర్ మాడ్యూల్ నిర్వాహకులకు బహిరంగ లేఖ

బెంగళూరు

కోర్ మాడ్యూల్ నిర్వాహక బృందానికి నమస్కారాలు.

తెలుగు వచనాన్ని వాక్యాలుగా, పదాలుగా, అక్షరాలుగా విడగొట్టే మన పైథాన్ లైబ్రరీని (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్ కట్టను) నాలుగేళ్లుగా వాడుతున్నాను, వీలైనప్పుడల్లా దానికి ప్యాచ్‌లు పంపుతున్నాను. మీలో చాలామందితో మారతహళ్లిలోనో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోనో ఆదివారాలు ఒకే బల్ల దగ్గర కూర్చుని కోడ్ రాసిన చనువు కూడా ఉంది. ఆ చనువుతో ఈ మాటలు మీ చెవిన వేసి ఊరుకోవచ్చు. కానీ ఇప్పుడు ఈ లైబ్రరీని వాడుతున్నవారిలో మనకు ముఖపరిచయం లేనివారే ఎక్కువ. లైబ్రరీ మూలభాగమైన కోర్ మాడ్యూల్ విషయంలో మీరు తీసుకునే నిర్ణయం వారందరికీ తగులుతుంది కనుక, అందరి ఎదుటా చెప్పడమే సబబని ఈ లేఖ రాస్తున్నాను.

మొన్నటి విడుదలతో కోర్ మాడ్యూల్ తప్పనిసరి డిపెండెన్సీల జాబితాలో, అంటే దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే వెంట తప్పక దిగే ఇతర ప్యాకేజీల జాబితాలో, నాలుగు కొత్తగా చేరాయి. స్కాన్ చేసిన పేజీల నుంచి అక్షరాలు గుర్తించడానికి (ఓసీఆర్) ఓపెన్‌సీవీ, పదవిభజన మోడల్ నడపడానికి పైటార్చ్, ఫలితాలను పట్టికలుగా ఇవ్వడానికి పాండాస్, గ్రాఫులు గీయడానికి మ్యాట్‌ప్లాట్‌లిబ్. వీటిలో ఏదీ చెడ్డది కాదు, నాలుగూ నేను తరచుగా వాడేవే. అయితే వీటిలో ఒక్కటి కూడా లేకుండానే మన కోర్ చేయవలసిన పని మొత్తం జరుగుతుంది. అసలుకూ కొసరుకూ మధ్య మొదటినుంచీ ఉన్న గీత ఈ విడుదలతో చెరిగిపోయింది. దాన్ని మళ్లీ గీయమని, ఈసారి ఇంకొంచెం గట్టిగా గీయమని అడగడానికే ఈ లేఖ.

పోయిన నెలలో జరిగినది చెబుతాను. మా పిన్ని కూతురు మదనపల్లె నుంచి వచ్చి బీటీఎం లేఅవుట్‌లో ఒక పీజీలో ఉంటూ ఎంసీఏ చదువుతోంది. పద్యం ఇస్తే గురులఘువులు గుర్తించి అది ఆటవెలదో తేటగీతో చెప్పే చిన్న ప్రోగ్రామ్‌ను ప్రాజెక్టుగా ఎంచుకుంది. మన లైబ్రరీ పేరు చెప్పింది నేనే. ఆమె దగ్గర ఉన్నది ఉబుంటు వేసిన పాత లాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్, రోజుకు ఒకటిన్నర జీబీ డేటా. రాత్రి తొమ్మిదిన్నరకు ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, పది దాటాక ఫోన్ చేసింది. “అన్నయ్యా, నేనడిగింది అక్షరాలు విడగొట్టడమే కదా, ఇది ఎన్విడియా కుబ్లాస్, ఎన్విడియా కుడీఎన్ఎన్ అంటూ ఒకదాని వెనక ఒకటి దించుకుంటూనే ఉంది. నా లాప్‌టాప్‌లో ఆ కార్డే లేదు” అంది. లినక్స్ మీద, పైథాన్ ప్యాకేజీల గిడ్డంగి అయిన పైపీఐ నుంచి పైటార్చ్‌ను మామూలుగా అడిగితే ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు కోసం కట్టిన బిల్డే వస్తుంది, దాని వెంట ఆ కార్డు మీద లెక్కలు నడిపే కుడా లైబ్రరీలు గిగాబైట్ల లెక్కన దిగుతాయి. ఆమె ఆ రోజు డేటా అక్కడితో అయిపోయింది, ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోయింది. మర్నాడు పాత వెర్షన్ నంబరు చెప్పి దాన్నే పెట్టుకోమన్నాను. తెలుగు కోసం మనం కట్టుకున్న సాధనం తెలుగు ఛందస్సు మీద పనిచేయబోయిన ఒక విద్యార్థినికి అందకుండా పోయిందంటే నాకు కష్టంగా ఉంది.

ఆమెకు కావలసిన పని ఎంత? ‘స్త్రీ’ అన్న మాట తీసుకోండి. కంటికి అది ఒకే అక్షరం. కంప్యూటరుకు అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు యూనికోడ్ సంకేతాలు. ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కొక్కటీ మూడు బైట్లు కనుక మొత్తం 18 బైట్లు. ఈ ఆరింటినీ ఒక్క అక్షరంగా కట్టి, దీర్ఘం ఉంది కాబట్టి గురువు అని చెప్పడమే కోర్ పని. పైథాన్‌తో పాటే వచ్చే యూనికోడ్‌డేటా మాడ్యూలూ, మనవాళ్లు ఓపికగా రాసి పెట్టిన కొన్ని వందల లైన్ల కోడూ అందుకు చాలు.

నా ఉద్యోగంలోనూ ఇదే దెబ్బ తగిలింది. తెలుగు ఫారాల్లోని పేర్లను సరిచూసే చిన్న సర్వీసు ఒకటి అమెజాన్ వారి క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్ లాంబ్డాలో నడుస్తుంది. అక్కడ జిప్‌గా పంపే కోడు, లేయర్లతో (విడిగా జతచేసే కోడ్ కట్టలతో) కలిపి, విప్పాక 250 మెగాబైట్లు దాటకూడదు. మన లైబ్రరీ వెర్షన్ ఒక్కటి పెంచగానే బిల్డ్ ఆ హద్దు దాటిపోయింది.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టవలసినది కాదు. ఐచ్ఛిక డిపెండెన్సీలను, అంటే ఎక్స్‌ట్రాలను, పైప్రాజెక్ట్ అనే ప్యాకేజీ వివరాల ఫైలులో విడి పట్టికగా రాసే పద్ధతిని పైథాన్ ప్రమాణ పత్రం పెప్ 621 స్థిరపరిచింది. అంతకు ముందునుంచే ప్యాకేజీలు కట్టే సెటప్‌టూల్స్‌లో ఆ వీలు ఉంది. లైబ్రరీ పేరు పక్కన చదరపు బ్రాకెట్లలో ‘ఓసీఆర్’ అనో ‘మోడల్’ అనో రాసి అడిగినవారికి ఆ సరంజామా వస్తుంది, అడగనివారికి రాదు. ఇక్కడ మీరు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ ఎక్స్‌ట్రాలు చేర్చగలవే తప్ప తీసివేయలేవు. కోర్ జాబితాలో ఉన్న ప్యాకేజీల్లో ‘ఈ ఒక్కటీ నాకు వద్దు’ అని ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్‌కు సూటిగా చెప్పే మార్గం వాడుకరికి లేదు. డిపెండెన్సీలు అన్నింటినీ ఒకేసారి మానుకోవడం ఒక్కటే దారి. అందువల్ల కోర్‌లో తక్కువ ఉంచి మీరు పొరబడితే, వాడుకరి ఒక్క ఆదేశంతో దాన్ని దిద్దుకోగలడు. ఎక్కువ ఉంచి పొరబడితే, మీరు మళ్లీ విడుదల చేసేదాకా అతని చేతిలో ఏమీ ఉండదు. సందేహం ఉన్న ప్రతి ప్యాకేజీనీ కోర్ బయటే ఉంచమని అడగడానికి నా మొదటి కారణం ఇది.

అయితే జాబితాలో నాలుగు పేర్లు ఇటునుంచి అటు మార్చినంత మాత్రాన పని పూర్తికాదు. నన్ను బరువుకన్నా ఎక్కువ కలవరపెడుతున్నది కోర్‌లో చాలాకాలంగా ఉన్న ఒక అలవాటు. అక్షర విభజన ఫైలు మొదట్లో రెజెక్స్ అనే బయటి ప్యాకేజీని ఇంపోర్ట్ చేయబోయే, అంటే మన కోడ్‌లోకి తెచ్చుకోబోయే, నాలుగు లైన్లు ఉన్నాయి. ఆ ప్యాకేజీ కనబడితే దాని గ్రాఫీమ్ (కంటికి ఒక్కటిగా కనిపించే అక్షరం) విభజనను వాడుకుంటాం, కనబడకపోతే మన సొంత నియమాలతో నడుస్తాం. వేగం కోసం మంచి మనసుతో పెట్టిన ఏర్పాటే. కానీ ఆ రెండు దారులూ ఒకే జవాబు ఇస్తాయని ఎవరూ సరిచూడలేదు.

గత ఏడాది బెంగళూరులోని ఒక తెలుగు సంఘం బడిపిల్లలకు పద్యరచన పోటీ పెట్టి, వచ్చిన పద్యాల్లో గణాలు సరిచూసే పని నాకు అప్పగించింది. నా లాప్‌టాప్‌లో పరీక్షించాను, అన్నీ సవ్యంగా ఉన్నాయి. సర్వర్‌లో పెట్టి నడిపితే, ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఎంతో శ్రద్ధగా రాసిన ఆటవెలదికి మూడో పాదంలో గణభంగం అని వచ్చింది. చేత్తో గణాలు విడదీసి చూశాను. పాదం నిక్షేపంలా ఉంది. ఆ పాదంలో ‘స్త్రీ’ అన్న మాట ఉంది. దాన్నొక్కదాన్నే రెండుచోట్లా లెక్కపెట్టించాను. లాప్‌టాప్‌లో 1 అని వచ్చింది, సర్వర్‌లో 3 అని వచ్చింది. కోడ్ ఒకటే, మన లైబ్రరీ వెర్షన్ ఒకటే, పైథాన్ కూడా ఒకటే. కారణం తెలియడానికి రెండు రాత్రులు పట్టింది. ఆ సర్వర్‌లో వేరే పనికోసం ఎవరో పెట్టుకున్న భాషా మోడల్ ప్యాకేజీ ఒకటి తన అవసరానికి పాత రెజెక్స్‌ను తెచ్చుకుంది. యూనికోడ్ 15.1 వెర్షన్ 2023లో వెలువడేదాకా, గ్రాఫీమ్ నియమాల ప్రకారం పొల్లు తర్వాత ముక్క తెగేది; ఆ లెక్కన ‘స్త్రీ’ స్, త్, రీ అని మూడు ముక్కలు. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని కలిపి ఉంచే నియమం 15.1తోనే వచ్చింది. మన లైబ్రరీ పక్కింట్లో ఉన్న ప్యాకేజీని చూసి, ఎవరినీ అడగకుండా తన పద్ధతి మార్చుకుంది. నేను చేత్తో సరిచూసి ఉండకపోతే ఆ పిల్లవాడి పద్యం తప్పుల కుప్పలోకి పోయేది.

ఐచ్ఛిక ప్యాకేజీ ఉండడం వల్ల పని వేగంగా జరగవచ్చు, లేని పని కొత్తగా సాధ్యం కావచ్చు. అదే పనికి జవాబు మాత్రం మారకూడదు. అందుకే నా మొదటి విన్నపం, నాలుగు బరువైన ప్యాకేజీల కన్నా ముందు, ఆ నాలుగు లైన్ల గురించి. వాటిని తీసివేయండి. రెజెక్స్ పద్ధతే కావాలనుకునేవారు ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు ఆ మాట పేరుపెట్టి చెప్పాలి. చెప్పిన ప్యాకేజీ లేకపోతే కోర్ అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగాలి, మరో దారి పట్టకూడదు. అక్షర విభజన ఒక్కసారి కొంచెం నెమ్మదించినా ఫరవాలేదు, రెండు యంత్రాల మీద రెండు జవాబులు ఇవ్వడం మాత్రం ఒప్పుకోదగినది కాదు.

ఇంపోర్ట్ విఫలమైనప్పుడు మనం చేస్తున్నది కూడా సరిగా లేదు. ఇప్పుడు కోర్‌లో ఏడెనిమిది చోట్ల ఒకే నమూనా కనిపిస్తుంది: ఇంపోర్ట్‌ఎర్రర్ వస్తే ఆ పేరుకు నన్ (ఏమీ లేదని చెప్పే విలువ) అని పెట్టి ముందుకు సాగిపోవడం. దాని ఫలితం వాడుకరికి ఎప్పుడో, ఎక్కడో, ‘నన్‌టైప్‌కు ఈ ఆట్రిబ్యూట్ లేదు’ అనే రూపంలో ఎదురవుతుంది. ఏ ప్యాకేజీ లేక ఆ గతి పట్టిందో ఆ వాక్యంలో ఎక్కడా ఉండదు. ఇంకో చిక్కు ఇంతకన్నా లోతైనది. ప్యాకేజీ లేకపోవడం వేరు, ఉండి కూడా లోడ్ కాకపోవడం వేరు. తెర లేని సర్వర్లలో ఓపెన్‌సీవీని ఇన్‌స్టాల్ చేశాక కూడా లిబ్‌జీఎల్ అనే సిస్టమ్ ఫైలు దొరకక ఇంపోర్ట్‌ఎర్రర్ రావడం చాలామందికి అనుభవమే. మన కోర్ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘ఓపెన్‌సీవీ లేదు’ అంటుంది. వాడుకరి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాడు, పిప్ ‘ఇప్పటికే ఉంది’ అంటుంది, మనం మళ్లీ ‘లేదు’ అంటాం. పైథాన్ 3.6 నుంచి మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ విడిగా ఉంది, ఏ మాడ్యూల్ దొరకలేదో దాని పేరు కూడా అందులోనే ఉంటుంది. లేనిదాన్ని మాత్రమే పట్టుకుని, విరిగినదాన్ని ఉన్నదున్నట్టు పైకి పంపితే ఆ మనిషికి అసలు కారణం కనబడుతుంది.

పాండాస్ వారు ఈ పనికి ఒక్కటే ఫంక్షన్ పెట్టుకున్నారు. ఐచ్ఛిక ప్యాకేజీ దేన్నైనా కోర్‌లో ఎవరు వాడదలచుకున్నా దాని ద్వారానే వెళ్లాలి. ప్రతి ప్యాకేజీకీ కనీస వెర్షన్ ఏదో ఒకే పట్టికలో ఉంటుంది. ప్యాకేజీ లేకపోతే ఏది లేదో, దేనితో తెచ్చుకోవాలో చెప్పే ఎర్రర్ వస్తుంది. ఉన్నా మరీ పాతదైతే ఆ మాటా చెబుతుంది. మనకూ అలాంటిది ఒక్కటి చాలు. మన ఎర్రర్ సందేశంలో మాత్రం ప్యాకేజీ పేరుతో సరిపెట్టకుండా, మన ఎక్స్‌ట్రా పేరుతో టైపు చేయవలసిన పూర్తి ఆదేశం ఉండాలని కోరుతున్నాను. ఎక్స్‌ట్రా పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే పిప్ హెచ్చరిక వేసి ఇన్‌స్టాల్ కొనసాగిస్తుందే తప్ప ఆగదు. ఆ హెచ్చరిక వంద లైన్ల మధ్య ఎవరి కంటా పడదు.

ఒకసారి చేర్చాక వెనక్కి తీయడం పరువు తక్కువ అని మీలో ఎవరైనా అనుకుంటుంటే, మనకన్నా ఎంతో పెద్దవారు వెనక్కి తీశారు. పైయారో అనే ప్యాకేజీని తప్పనిసరి చేయబోతున్నామని 2024 జనవరిలో పాండాస్ 2.2.0, అది లేని యంత్రాల్లో ఇంపోర్ట్ చేసినప్పుడల్లా హెచ్చరించింది. వాడుకరుల అభ్యంతరాల్లో ఇన్‌స్టాల్ బరువు ముఖ్యమైనది. మరుసటి నెలలోనే 2.2.1లో ఆ హెచ్చరికను తీసివేశారు. అదే ఏడాది మేలో, వెబ్ సర్వీసులు కట్టడానికి వాడే ఫాస్ట్‌ఏపీఐ 0.111తో సర్వరు, కమాండ్‌లైన్ సాధనాలవంటి వాటిని మామూలు ఇన్‌స్టాల్‌లోనే చేర్చింది, ఆగస్టులో 0.112 వచ్చేసరికి వాటిని ‘స్టాండర్డ్’ అనే ఎక్స్‌ట్రాలోకి మార్చింది. మూడు నెలల్లో దిద్దుకున్నారు. మనకు మొన్నటి విడుదల జరిగి ఇంకా రెండు నెలలు కాలేదు.

భద్రత మాట కూడా చెప్పాలి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగదారి ఉందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ 2024 మార్చి 29న బయటపెట్టినప్పుడు తేలిన సంగతి ఇది: దూరపు సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు ఆ కుదింపు లైబ్రరీతో పనే లేదు. సర్వీసు సిద్ధమైందని, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి ఒక చిన్న సందేశం పంపడానికి కొన్ని లినక్స్ పంపిణీలు దానికి సిస్టమ్‌డీ లైబ్రరీని తగిలించాయి, ఆ లైబ్రరీ వెంట ఎక్స్‌జెడ్ వచ్చింది. ఆ తర్వాత 2024 జూలైలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8, ఏ లైబ్రరీ అవసరం లేకుండా ఆ సందేశాన్ని తానే పంపే కోడ్‌ను చేర్చుకుంది. మన దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ కూడా 2024 అక్టోబరులో, సాఫ్ట్‌వేర్‌లోని ప్రతి భాగాన్నీ పేరు, వెర్షన్‌తో జాబితాగా రాసిపెట్టుకోవడం గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. అలాంటి జాబితా పట్టుకుని మా ఆడిటర్ నన్ను అడిగిన ప్రశ్న, పేర్లు సరిచూసే సర్వీసులో బొమ్మలు చదివే లైబ్రరీ ఎందుకుంది అని. నా దగ్గర సమాధానం లేదు.

మీ వైపు వాదనలు నేను వినకపోలేదు. కొత్తగా వచ్చినవారికి ఒక్క ఆదేశంతో అన్నీ దొరకాలి అన్నారు. న్యాయమే. ‘అన్నీ’ అనే ఎక్స్‌ట్రా ఒకటి పెట్టి, పరిచయ పాఠం మొదటి లైనులో దాన్నే రాద్దాం. బద్ధక ఇంపోర్ట్ చాలదా అని ఇంకొకరు అడిగారు. పెప్ 562 వచ్చాక, పైథాన్ 3.7 నుంచి, ఒక పేరును అడిగినప్పుడే దాని వెనక మాడ్యూల్‌ను లోడ్ చేసే వీలుంది. దాన్ని తప్పక వాడుకోవాలి, ఇంపోర్ట్ తేలికవుతుంది. కానీ అది లోడ్ చేయడాన్ని వాయిదా వేస్తుందే గాని డిస్కులోకి దిగిన గిగాబైట్లను వెనక్కి పంపదు. మా చెల్లెలి డేటా అప్పటికే అయిపోయి ఉంటుంది.

మూడో వాదన పరీక్షల భారం. ఇది నిజమైన భారం, తేలిగ్గా తీసుకోను. ఐచ్ఛికం అన్న ప్రతిదానికీ ఉన్నప్పుడు, లేనప్పుడు అని రెండు ప్రపంచాలు ఏర్పడతాయి. నాలుగింటికి పదహారు కలయికలు. అన్నీ పరీక్షించనక్కర్లేదు. ఏమీ లేని వాతావరణంలో ఒకటి, అన్నీ తాజా వెర్షన్లతో ఒకటి, పట్టికలో రాసిన కనీస వెర్షన్లతో ఒకటి, ఈ మూడు చాలునని నా అభిప్రాయం. ఏమీ లేనిదానిలో కోర్‌ను ఇంపోర్ట్ చేయాలి, ఐచ్ఛిక పని ప్రతిదాన్నీ పిలిచి సరైన ఎర్రర్ వాక్యం వస్తోందో లేదో చూడాలి. అన్నీ ఉన్నదానిలో ఇంకో జాగ్రత్త కావాలి. మన పరీక్షల్లో చాలావాటికి, ప్యాకేజీ లేకపోతే దాటవేయమని పరీక్షలు నడిపే పైటెస్ట్‌కు చెప్పి ఉంచాం. ఏదో కారణంగా సీఐలో (పరీక్షలను తనంతట తానే నడిపే ఏర్పాటులో) ఓపెన్‌సీవీ ఇన్‌స్టాల్ కాకపోతే ఓసీఆర్ పరీక్షలన్నీ మౌనంగా దాటిపోయి, పైన పచ్చ గుర్తు వెలుగుతుంది. అక్కడ దాటవేతను వైఫల్యంగా లెక్కించాలి.

మార్పిడి ఎలా అన్నది మిగిలింది. ఈ రెండు నెలల్లో ఓసీఆర్‌ను మామూలు ఇన్‌స్టాల్‌తోనే పొందుతూ దాని మీద పని కట్టుకున్నవారు ఉంటారు. వారి కాళ్ల కింద చాప లాగకూడదు. వచ్చే చిన్న విడుదలలో ఎక్స్‌ట్రాలను ప్రవేశపెట్టి, నాలుగు ప్యాకేజీలనూ కోర్‌లో అలాగే ఉంచి, బరువైన పనిని పిలిచినప్పుడు మాత్రమే ‘ఇకమీదట దీన్ని ఎక్స్‌ట్రాగా అడగండి’ అనే హెచ్చరిక ఇవ్వండి. కోర్‌ను ఇంపోర్ట్ చేసిన ప్రతివారికీ ఇవ్వవద్దు, సంబంధం లేనివారిని విసిగించినట్టవుతుంది. ఆ తర్వాతి పెద్ద విడుదలలో నాలుగింటినీ కోర్ జాబితానుంచి తొలగించండి. రెజెక్స్ లైన్లు మాత్రం అప్పటిదాకా ఆగకూడదు, అవి ఈ చిన్న విడుదలలోనే పోవాలి, ఎందుకంటే అవి ఈ క్షణంలో కూడా ఎక్కడో ఎవరికో తప్పు జవాబు ఇస్తూ ఉండవచ్చు.

ఈ పనిలో నా వంతు సిద్ధంగా ఉంది. ఐచ్ఛిక ఇంపోర్ట్‌లకు ఒకే ఫంక్షన్, కనీస వెర్షన్ల పట్టిక, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటలను రెజెక్స్ ఉన్నప్పుడూ లేనప్పుడూ పోల్చే పరీక్షలు రాసి ఉంచాను. వచ్చే ఆదివారం పదిగంటలకు హెచ్‌ఎస్‌ఆర్‌లో మనం కూర్చునే చోటికే లాప్‌టాప్ తీసుకుని వస్తాను. మీరు వీటిని చూసి, తదుపరి విడుదల తేదీ ఖరారు చేసేలోపు అవునో కాదో రాతపూర్వకంగా చెప్పాలని, కాదంటే ఆ నాలుగు ప్యాకేజీల్లో ఒక్కొక్కటీ కోర్‌లో ఎందుకు ఉండాలో కారణం రాసి అందరికీ కనిపించేలా ఉంచాలని కోరుతున్నాను.

భవదీయుడు,
మీతో కలిసి పనిచేస్తున్న ఒక వాడుకరి
బెళ్లందూరు, బెంగళూరు